మనసు బాగోలేదని ఉద్యోగం వదులుకోవద్దు: ప్రభుత్వ ఉద్యోగులకు ఉన్న రక్షణ, పెన్షన్ దారులు

(ప్రభుత్వ ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి చేసిన ప్రసంగ పాఠం. ఫోన్‌లో చదువుకోవడానికి, తోటి ఉద్యోగులకు పంపడానికి వీలుగా ఇస్తున్నాం.)



ఇక్కడ టీచర్లు ఉన్నారు, రెవెన్యూ వాళ్లున్నారు, పోలీసు శాఖ నుంచి వచ్చినవాళ్లున్నారు, పోస్టాఫీసు, రైల్వే ఉద్యోగులున్నారు. భర్త కోసం వచ్చిన అమ్మలున్నారు, కొడుకు కోసం వచ్చిన పెద్దవాళ్లున్నారు. నేను డాక్టర్‌ని కాను, లాయర్‌ని కాను. చట్టంలో, జీవోల్లో ఉన్నదాన్ని మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం నా పని. ఈరోజు అదే చేస్తాను.

కాలు విరిగితే ఆఫీసంతా వచ్చి పలకరిస్తుంది. అదే డిప్రెషన్ వచ్చి నెల రోజులు నిద్ర పట్టకపోతే, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోం. లీవ్ లెటర్‌లో "జ్వరం" అని రాస్తాం. కొన్నాళ్లకు అది కూడా రాయలేక, చెప్పకుండా డ్యూటీకి వెళ్లడం మానేస్తాం. ఫోన్ ఎత్తం. చివరికి ఒకరోజు విసిగిపోయి తెల్లకాగితం మీద రాజీనామా రాసి పంపిస్తాం. జబ్బు నయమయ్యేసరికి ఉద్యోగం ఉండదు, పెన్షన్ ఉండదు. మనసు జబ్బు ఉన్న ఉద్యోగికి ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

అందుకని ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. రాజీనామా చేయొద్దు, చెప్పకుండా మానేయొద్దు. ఈ రెండూ చేయకపోతే మిగతా దారులన్నీ తెరిచే ఉంటాయి. ఆ దారులు ఏమిటో వరసగా చెబుతాను.

మొదటి దారి: సెలవు, వైద్యం

మానసిక అనారోగ్యం కూడా అనారోగ్యమే. మెడికల్ సర్టిఫికెట్ మీద సెలవు పెట్టుకునే హక్కు మీకుంది. రాష్ట్ర ఉద్యోగికి ఏడాది సర్వీసుకు 20 రోజుల చొప్పున హాఫ్ పే లీవ్ జమ అవుతుంది. వైద్య కారణాల మీద దాన్ని కమ్యూటెడ్ లీవ్‌గా మార్చుకుంటే పూర్తి జీతం వస్తుంది. సర్వీసు మొత్తం మీద 240 రోజుల వరకు అలా వాడుకోవచ్చు. ఎర్న్‌డ్ లీవ్ వేరే. ఇవన్నీ అయిపోతే జీతం లేని అసాధారణ సెలవు ఉంటుంది. జీతం రాకపోయినా అది మంజూరైన సెలవు కిందే లెక్క. చెప్పకుండా మానేసిన గైర్హాజరుకూ దానికీ చాలా తేడా ఉంది.

ఆ తేడా ఏమిటో చూడండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ఏడాదికి మించి గైర్హాజరైన ఉద్యోగిని రాజీనామా చేసినట్టుగా పరిగణించవచ్చు. దానికి ముందు సంజాయిషీ ఇచ్చుకునే అవకాశం ఇవ్వాలి. కానీ మనసు బాగోలేని మనిషి ఆ నోటీసు కవరు విప్పి చూస్తాడా? చాలాసార్లు అది టీవీ మీదో, అలమరలోనో అలాగే పడి ఉంటుంది. ఇంట్లోవాళ్లకు అందుకే చెబుతున్నాను. ఆఫీసు నుంచి పోస్టులో కవరు వస్తే మీరు విప్పండి. గడువులోపు జవాబు ఇవ్వండి. "ఫలానా ఆస్పత్రిలో చికిత్స పొందుతున్నారు, సర్టిఫికెట్ జత చేస్తున్నాం" అని రెండు వాక్యాలు రాసినా చాలు.

ఇప్పటికే గైర్హాజరు అయిపోయింది, ఇప్పుడేం చేయాలి అంటారా? అనారోగ్యం లాంటి తప్పనిసరి కారణం వల్ల రాలేకపోతే దాన్ని కావాలని ఎగ్గొట్టినట్టుగా చూడకూడదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. కానీ ఆ మాట మీకు ఉపయోగపడాలంటే ఆ రోజుల్లో జబ్బు ఉందని చూపే కాగితం ఉండాలి. డాక్టర్ రాసిన ప్రతి చీటీ, ప్రతి మందుల బిల్లు తేదీలవారీగా దాచుకోండి.

రెండో దారి: అదే జీతం మీద వేరే పని

ఇది చాలామందికి తెలియదు, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. అందులోని సెక్షన్ 20, సబ్ సెక్షన్ 4 ఏం చెబుతుందో నా మాటల్లో చెబుతాను.

సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఇప్పుడు చేస్తున్న పని చేయలేకపోతే, అదే పే స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు, అంటే ఆ మనిషి కోసమే ఏర్పాటు చేసిన అదనపు పోస్టు చూపించాలి. సరైన పోస్టు దొరికేదాకా గానీ, రిటైర్మెంట్ వయసు వచ్చేదాకా గానీ, ఏది ముందైతే అప్పటిదాకా అందులో ఉంచాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. రాత్రి డ్యూటీలు, శవ పంచనామాలు, ప్రమాద స్థలాలు చూసి చూసి ఒక కానిస్టేబుల్‌కు తీవ్రమైన ఆందోళన జబ్బు వచ్చింది. స్టేషన్ డ్యూటీ చేయలేకపోతున్నాడు. కానీ రికార్డ్ రూంలో, కంప్యూటర్ సెక్షన్‌లో పగటిపూట పని చేయగలడు. అతను అడగాల్సింది రిటైర్మెంట్ కాదు, సెక్షన్ 20(4) కింద పోస్టు మార్పు. రైల్వేలో ఇది కొత్త సంగతి కాదు. వైద్య పరీక్షలో ఒక కేటగిరీకి పనికిరాడని తేలిన ఉద్యోగికి వేరే పని చూపించడం అక్కడ ఏనాటి నుంచో ఉంది. మెడికల్ డీకేటగరైజేషన్ అంటే రైల్వే వాళ్లందరికీ తెలుసు.

పని మార్చకుండానే చిన్న సర్దుబాట్లు కూడా అడగొచ్చు. రాత్రి షిఫ్టు తప్పించడం, వైద్యం దొరికే ఊరికి బదిలీ, ఫాలో అప్ రోజున అనుమతి, ఇలాంటివి. తగిన వసతి కల్పించాల్సిన బాధ్యత ప్రభుత్వ సంస్థ మీద అదే సెక్షన్ పెట్టింది. కేవలం వైకల్యం ఉందన్న కారణంతో ప్రమోషన్ ఆపకూడదని కూడా చెప్పింది.

ఈ విషయంలో మూడు సుప్రీంకోర్టు తీర్పులు తెలుసుకోండి.

ఒకటి, 2003 నాటిది. సర్వీసులో కాలు పోగొట్టుకున్న ఒక కానిస్టేబుల్‌ని ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపారు. పెన్షన్ ఇచ్చినంత మాత్రాన ఉద్యోగ రక్షణ హక్కు పోదని కోర్టు చెప్పింది.

రెండు, 2008 నాటిది. పంజాబ్ విద్యుత్ బోర్డులో చూపు కోల్పోయిన ఒక ఉద్యోగి తనే రిటైర్మెంట్ అడిగాడు. తనకు ఏ హక్కులున్నాయో అతనికి తెలియదు. తెలియక రాసిన ఉత్తరాన్ని పట్టుకుని పంపించేయడం కుదరదని, చట్టం ఏం చెబుతుందో అతనికి చెప్పాల్సిన బాధ్యత అధికారులదేనని కోర్టు అంది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసే మిత్రులు కూడా ఇది గమనించాలి. ఎవరైనా "మనసు బాగోలేదు, నన్ను పంపించేయండి" అని కాగితం తెస్తే, నంబరు వేసి పైకి పంపడంతో మన పని అయిపోదు.

మూడు, 2021 డిసెంబర్ 17 నాటిది. మానసిక అనారోగ్యం ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి మీద క్రమశిక్షణ చర్యలు మొదలయ్యాయి. ఆయన ప్రవర్తనకు మానసిక వైకల్యం ఒక కారణమైనప్పుడు అలాంటి చర్యలు పరోక్ష వివక్ష అవుతాయని కోర్టు చెప్పింది. వాటిని పక్కన పెట్టింది. ఆ డ్యూటీకి పనికిరాడని తేలితే జీతం, సర్వీసు షరతులు కాపాడుతూ వేరే పని ఇవ్వాలంది. ఆయుధాలతో సంబంధం లేని పని ఇచ్చుకునే వీలు శాఖకు ఉంచింది.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి. పని స్వభావాన్ని బట్టి కొన్ని సంస్థలకు ఈ సెక్షన్ నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. కేంద్ర సాయుధ బలగాల్లోని పోరాట విభాగం పోస్టులకు 2021 ఆగస్టు 18న అలా మినహాయింపు ఇచ్చారు. ఆ బలగాల్లో ఉన్నవారు నేను నాలుగో దారిలో చెప్పేది జాగ్రత్తగా వినండి.

మూడో దారి: ఇన్‌వాలిడ్ పెన్షన్

వైద్యం చేయించుకున్నా, పని మార్చినా ఇక ఏ డ్యూటీ చేయలేని స్థితి ఉందనుకోండి. అప్పుడు ఇన్‌వాలిడ్ పెన్షన్. శారీరక గానీ మానసిక గానీ బలహీనత వల్ల శాశ్వతంగా సర్వీసుకు పనికిరాకుండా పోయిన ఉద్యోగికి ఇది ఇస్తారు. రాష్ట్ర ఉద్యోగులకు 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లో ఈ ఏర్పాటు ఉంది. జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందని ఇక్కడ నిరూపించనక్కర్లేదు. ఏ కారణంతో వచ్చినా సరే.

కానీ "శాశ్వతంగా పనికిరారు" అని చెప్పాల్సింది మెడికల్ బోర్డు. మీ ప్రైవేటు డాక్టర్ సర్టిఫికెట్ సెలవుకు పనికొస్తుంది గానీ దీనికి సరిపోదు. బోర్డుకు మీరు నేరుగా వెళ్లలేరు, మీ ఆఫీసు పంపాలి. కాబట్టి దరఖాస్తులో "నన్ను మెడికల్ బోర్డుకు పంపండి" అని స్పష్టంగా రాయండి.

రాష్ట్ర నిబంధనల్లో సాధారణ సూత్రం ఏమిటంటే, అర్హత సర్వీసు పదేళ్లు నిండితే నెలనెలా పెన్షన్ వస్తుంది. నిండకపోతే ఒకేసారి గ్రాట్యుటీ ఇస్తారు. అంటే తొమ్మిదేళ్ల ఎనిమిది నెలల సర్వీసు ఉన్న మనిషి తొందరపడి బయటకు వస్తే జీవితాంతం నష్టపోతాడు. ముందు సర్వీసు రిజిస్టర్ తెప్పించి రోజులు లెక్కపెట్టుకోండి. కేంద్ర ఉద్యోగులకు ఈ పదేళ్ల షరతును 2019 జనవరిలో సవరణతో తీసేశారు.

స్వచ్ఛంద పదవీ విరమణతో దీన్ని కలపొద్దు. అది 20 ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లు తమ ఇష్టంతో వెళ్లడం. "ఎలాగూ 20 ఏళ్లు నిండాయి కదా, వీఆర్ పెట్టెయ్" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ కాగితంలో మీ జబ్బు ప్రస్తావన ఉండదు. తర్వాత వైకల్యం ఆధారంగా ఏది అడగాలన్నా అదే అడ్డం వస్తుంది.

నాలుగో దారి: ఉద్యోగం వల్లే వచ్చిన జబ్బుకు అదనపు పెన్షన్

ఇది కేంద్ర ఉద్యోగులకు సంబంధించింది. తపాలా, కేంద్ర సాయుధ బలగాలు, ఇతర కేంద్ర కార్యాలయాల్లో ఉన్నవారు వినాలి. రైల్వేకి ఇలాంటివే సొంత నిబంధనలున్నాయి. దీన్ని అసాధారణ పెన్షన్ నిబంధనలంటారు. 1939 నుంచి ఉన్నవాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి.

ఇక్కడ ప్రశ్న ఒక్కటే: జబ్బు ఉద్యోగం వల్ల వచ్చిందా, లేదా ఉద్యోగం వల్ల ముదిరిందా? ఈ రెండో మాట మరిచిపోకండి. ముందునుంచీ కాస్త ఉన్న జబ్బు డ్యూటీ వల్ల ఎక్కువైనా సరే, అడగొచ్చు. ఒత్తిడి ప్రభావం చూపే జబ్బుల జాబితాలో తీవ్ర మానసిక రుగ్మతలను ఈ నిబంధనలు ఎప్పటినుంచో పేర్కొంటున్నాయి.

ఒప్పుకుంటే వచ్చే పెన్షన్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి సర్వీసు భాగం, దీనికి పదేళ్ల షరతు లేదు. రెండోది వైకల్య భాగం. వైకల్యం నూరు శాతం అయితే అది మూల వేతనంలో 30 శాతం. మూల వేతనం 40,000 అనుకుంటే నెలకు 12,000. వైకల్య శాతం తగ్గితే ఇదీ తగ్గుతుంది. ఇన్‌వాలిడ్ పెన్షన్‌కూ దీనికీ తేడా ఇదే.

మరి ఉద్యోగం వల్లే అని చూపించడం ఎలా? "నాకు టెన్షన్ ఎక్కువ" అంటే బోర్డు నమ్మదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ చోట పనిచేశారు, డ్యూటీ చార్టు, ఆ సంఘటన జరిగిన రోజు ఎఫ్‌ఐఆర్ లేదా ప్రమాద నివేదిక, దాని తర్వాత మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లిన తేదీ, ఇవి కావాలి. ఉద్యోగంలో చేరినప్పటి వైద్య పరీక్షలో ఫిట్ అని ఉంటే ఆ కాగితం చాలా విలువైనది. ఇవి ఆఫీసులోనే ఉంటాయి. మీ చేతిలో లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోండి.

సీపీఎస్, ఎన్‌పీఎస్ ఉద్యోగులకు

2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగులు సీపీఎస్‌లో ఉన్నారు. 1980 నాటి పెన్షన్ రూల్స్ మీకు పాతవాళ్లకు వర్తించినట్టు నేరుగా వర్తించవు. అందుకే మీకు రెండో దారి, అంటే సెక్షన్ 20(4), అందరికంటే ముఖ్యం. ఆ చట్టం ఏ పెన్షన్ పథకంలో ఉన్నారని చూడదు. ఉద్యోగం నిలిస్తే జీతం నిలుస్తుంది, మీ ప్రాన్ ఖాతాలో జమ కొనసాగుతుంది.

2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర ఉద్యోగులకు 2021 నాటి నిబంధనల్లో ఒక ఆప్షన్ ఉంది. వైకల్యంతో బయటకు రావాల్సి వస్తే గానీ, సర్వీసులో మరణిస్తే గానీ పాత పెన్షన్ రూల్స్ ప్రయోజనాలు కావాలా, ఎన్‌పీఎస్ సొమ్ము కావాలా అని ముందే ఫారం 1లో రాసివ్వాలి. ఆరోగ్యంగా ఉన్నవారు కూడా ఈ వారంలోనే మీ ఆఫీసులో ఆ ఫారం ఇచ్చారో లేదో చూసుకోండి.

సదరం సర్టిఫికెట్ గురించి

మన దగ్గర ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. సదరం అంటే ఎన్టీఆర్ భరోసా పింఛన్ కోసమే అనుకుంటారు. ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పెన్షనర్ గానీ ఉన్న కుటుంబానికి సాధారణంగా ఆ పింఛన్ వర్తించదు. ఉద్యోగికి సదరం కావాల్సింది ఉద్యోగం కాపాడుకోవడానికి.

గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీ-సేవలో గానీ స్లాట్ బుక్ చేసుకోవాలి. మానసిక అనారోగ్యాన్ని లెక్కగట్టడానికి ఐడియాస్ అనే కొలమానం ఉంది. నాలుగు విషయాలు చూస్తారు: తన పనులు తాను చేసుకోగలరా, మనుషులతో మెలగగలరా, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడగలరా, ఉద్యోగం లేదా ఇంటి పని చేయగలరా. ఎంతకాలంగా జబ్బు ఉందో కూడా చూస్తారు. కాబట్టి పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి. ఆ రోజు కాస్త బాగున్నారని "అంతా బానే ఉంది సార్" అని చెప్పి రాకండి. కష్టం వచ్చినప్పుడు ఎలా ఉంటుందో చెప్పండి. రోజూ కూడా ఉండే మనిషిని వెంట తీసుకెళ్లండి.

40 శాతం, ఆపైన వస్తే చాలా రాయితీలకు అర్హత. కానీ సెక్షన్ 20(4)లో 40 శాతం అన్న మాట లేదు. తక్కువ శాతం వచ్చిందని ఆ దరఖాస్తు మానుకోకండి.

తరచూ అడిగే ప్రశ్నలు

"నా రికార్డులో పిచ్చి అని రాస్తారా?" రాయరు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ విషయం స్పష్టంగా చెప్పింది. మానసిక అనారోగ్యం ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని అర్థం కాదు. అది కోర్టు తేల్చాల్సిన విషయం. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టం అంటుంది. కాబట్టి ఆఫీసుకిచ్చే వైద్య కాగితాలు సీలు చేసిన కవరులో, "గోప్యం" అని రాసి, అధికారి పేరు మీద ఇవ్వండి.

"మా ఆయన కాగితం రాసే స్థితిలో లేరు, నేను ఇవ్వొచ్చా అండీ?" ఇవ్వండమ్మా. భార్యగా మీ పేరుతో పరిస్థితి వివరిస్తూ, వైద్య పత్రాలు జత చేసి, సెలవు మంజూరు చేయమని, మెడికల్ బోర్డుకు పంపమని రాయండి. రేపు ఎవరైనా "చెప్పకుండా మానేశాడు" అనకుండా ఆ కాగితం కాపాడుతుంది. అంతేగానీ ఆయన సంతకం మీరు చేయకండి.

"ఇన్‌వాలిడేషన్ మీద వెళ్తే మా అబ్బాయికి ఉద్యోగం వస్తుందా?" రాష్ట్రంలో మెడికల్ ఇన్‌వాలిడేషన్ కింద కారుణ్య నియామకాలకు వేరే ఉత్తర్వులున్నాయి. వాటిలో జబ్బుల జాబితా ఉంది, రిటైర్మెంట్‌కు ఇంకా ఐదేళ్ల సర్వీసు మిగిలి ఉండాలన్న షరతు ఉంది. మీ జబ్బు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా ఆ ఆశతో ఉద్యోగం వదలొద్దు.

"ఆఫీసులో దరఖాస్తు తీసుకోవడం లేదు, ఎవరికి చెప్పాలి?" స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. ప్రతి ప్రభుత్వ సంస్థలో దివ్యాంగుల ఫిర్యాదుల అధికారి ఉండాలని 2016 చట్టం సెక్షన్ 23 చెబుతుంది. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. తృప్తి కలగకపోతే జిల్లా స్థాయి కమిటీ, ఆపైన దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు.

దరఖాస్తులో ఏం రాయాలి

పేరు, హోదా, చేరిన తేదీ. ఏ తేదీ నుంచి చికిత్స పొందుతున్నారు. ఇప్పుడు చేస్తున్న పనిలో ఏ భాగం చేయలేకపోతున్నారు. ఏ పని చేయగలరు. చివర్లో అడిగేది ఒక్క వాక్యం: "దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 20(4) ప్రకారం నా పే స్కేలు, సర్వీసు ప్రయోజనాలు కాపాడుతూ తగిన పోస్టులో నియమించవలసిందిగా కోరుతున్నాను." రెండు కాపీలు తీయండి. ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ఆ కాపీ ఇంట్లో భద్రంగా ఉంచండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి.

ఇన్ని కాగితాల మాటలు చెప్పాను గానీ, అన్నిటికంటే ముందు మనిషి బాగుండాలి. ఇప్పుడు వింటున్నవారిలో ఎవరికైనా బతకాలని లేదు అనిపిస్తుంటే దయచేసి ఈరోజే ఎవరితోనైనా మాట్లాడండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అవసరమైతే అక్కడి నుంచి విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకు కూడా పంపిస్తారు.

మీ పక్క సీటులో మనిషి నెల రోజులుగా రావడం లేదంటే, ఈ పీడీఎఫ్ ఆ ఇంటికి పంపండి. వీలైతే మీరే ఒకసారి వెళ్లి, విప్పని కవర్లు ఏమైనా ఉన్నాయేమో అడగండి.